పన్ను పెంచుతారంట అన్న మాట ఇంట్లోకి వచ్చిన రోజు ఏం చెయ్యాలి

సంక్రాంతి ముగ్గులు వాకిట్లో చెరగకముందే ఆ మాట మొదలవుతుంది. "ఈసారి బడ్జెట్లో పన్ను పెంచుతారంట." టీ అంగట్లో ఒకాయన అంటాడు, ఆఫీసులో ఇంకొకామె అందుకుంటుంది, రాత్రికల్లా అది మీ ఇంట్లో అన్నం దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. నేను కావలిలో ఇరవై ఎనిమిదేళ్లు ఉద్యోగుల జీతాల బిల్లులు రాశాను. ఆ మాట విన్న మనిషి కోపమంతా ఇంట్లోవాళ్ల మీద పడటం ప్రతి ఏడూ చూశాను. పెద్దోడి బండి పెట్రోలు, అమ్మ మందుల చీటీ, భార్య పుట్టింటికి పెట్టిన చీర, అన్నీ ఆ రాత్రే లెక్కకొస్తాయి. పన్ను పెరగడం, పెరగకపోవడం మన చేతిలో లేదు. పెరిగితే మన ఇంట్లోంచి నెలకు ఎన్ని రూపాయలు పోతాయో కనుక్కోవడం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. దానికి ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒక నోటు పుస్తకం, మీ జీతం స్లిప్పు కావాలి. ఇంట్లో డబ్బు సంగతి చూసే ఇద్దరూ కూర్చోవాలి. ఒకరే కూర్చుంటే అది లెక్క కాదు, రేపటి తగాదాకి సరంజామా.

ముందు తేదీలు రాసుకోండి

ఫిబ్రవరి 1న పార్లమెంటులో చదివేది ప్రతిపాదన. అది ఫైనాన్స్ బిల్లుగా సభ దాటి, రాష్ట్రపతి సంతకం అయ్యాకే చట్టం. మామూలుగా జీతాల పన్ను రేట్ల మార్పు ఆ వచ్చే ఏప్రిల్ 1 నుంచి సంపాదించే డబ్బుకి వర్తిస్తుంది. అంటే ఆ రోజు టీవీలో ఏం విన్నా మీ చేతిలో ఇంకో రెండు నెలలున్నాయి. ఈ రెండు నెలల్లో భయపడి చేసే పని ఒకటుంది, దాన్ని గట్టిగా ఆపండి: పన్ను తగ్గుతుందని ఎవరో చెబితే ఇరవై ఏళ్ల ఎండోమెంటు పాలసీ కట్టేయడం. ఆదాయపు పన్ను లెక్కకి రెండు విధానాలున్నాయి: మినహాయింపులుండే పాతది, మినహాయింపులు చాలావరకు లేని కొత్తది. మీరు కొత్తదానిలో ఉంటే 80సీ (పొదుపు, బీమాలకి మినహాయింపు ఇచ్చే సెక్షన్) కింద పాలసీకి మినహాయింపే లేదు. పన్ను తగ్గదు, ఏటా ప్రీమియం మాత్రం మెడకు చుట్టుకుంటుంది.

(2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం పోయి 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి. మన ఊళ్లలో అందరి నోటా ఇంకా పాత నంబర్లే కాబట్టి నేనూ అవే వాడుతున్నాను.)

స్లిప్పుని రెండు ముక్కలు చెయ్యండి

పుస్తకంలో ఎడమ పేజీలో మొత్తం జీతం రాయండి: బేసిక్, డీఏ (కరువు భత్యం), హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం). కుడి పేజీలో కోతలు. కోతలన్నిటినీ కలిపి "పోయిన డబ్బు" అనుకోవడం దగ్గరే సగం బాధ పుడుతుంది. జీపీఎఫ్ (భవిష్య నిధి), సీపీఎస్ (పెన్షన్ కోత), ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా) మీ డబ్బే, రేపటికి దాచింది. సొసైటీ లోను మీరు ముందే ఖర్చుపెట్టింది. వృత్తి పన్ను నెలకు 200, మన రాష్ట్రంలో 20 వేలు దాటిన జీతాలకి అంతే. ఇవన్నీ తీసేశాక మిగిలిన ఒక్క అంకెకే ఆదాయపు పన్ను అని పేరు. దాని చుట్టూ ఎర్ర సిరాతో గీత గీయండి. చాలామంది ఇళ్లలో ఈ అంకె ఎంతో భార్యాభర్తలిద్దరిలో ఒకరికే తెలుసు. ఒక్కోసారి ఇద్దరికీ తెలియదు.

ఇప్పుడు ఏడాది పన్ను మీరే వేసుకోండి

2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10, 12 నుంచి 16 దాకా 15, 16 నుంచి 20 దాకా 20, 20 నుంచి 24 దాకా 25, ఆ పైన 30. ఉద్యోగులకీ పెన్షనర్లకీ ముందుగా 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్ కింద ఆదాయంలోంచి తీసేస్తారు. అది తీసేశాక పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12 లక్షలు దాటకపోతే 60 వేల దాకా పన్ను రిబేటుగా మాఫీ. చివర్లో వచ్చిన పన్ను మీద 4 శాతం సెస్సు.

ఒంగోలులో పనిచేసే ఒక స్కూల్ అసిస్టెంట్ అనుకుందాం, ఏడాదికి 13,60,000 జీతం. 75 వేలు తీస్తే 12,85,000. మొదటి 4 లక్షలకి ఏమీ లేదు. తర్వాతి 4 లక్షలకి 20,000. ఆ పై 4 లక్షలకి 40,000. మిగిలిన 85,000కి 15 శాతం చొప్పున 12,750. మొత్తం 72,750. సెస్సు 2,910 కలిపితే 75,660. నెలకు 6,305.

అదే మనిషికి ఇల్లు కట్టుకున్న అప్పు ఉంది, పాత విధానమే మంచిదని స్టాఫ్ రూములో ఎవరో చెప్పారు. అదీ వేసి చూద్దాం. స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, వృత్తి పన్ను 2,400, 80సీ లక్షన్నర, ఇంటి అప్పు వడ్డీ 2 లక్షలు, ఆరోగ్య బీమా 25 వేలు. అన్నీ కలిపి 4,27,400. మిగిలింది 9,32,600. పాత విధానం శ్లాబుల ప్రకారం పన్ను 99,020, సెస్సుతో దాదాపు 1,02,981. ఇన్ని మినహాయింపులున్నా ఈమెకి పాతదానిలో 27 వేలు ఎక్కువే. ఈ జీతానికి మినహాయింపులన్నీ కలిపి సుమారు 5 లక్షల 59 వేలు దాటితే తప్ప పాత విధానం కలిసిరాదు. హెచ్ఆర్ఏ ఎక్కువ ఉండి అద్దింట్లో ఉంటున్నవాళ్లకి దాటొచ్చు. అందుకే పక్కవాళ్ల మాట మీద విధానం ఎంచుకోకండి. ఇద్దరి జీతం ఒకటే అయినా ఇద్దరి ఇళ్లు ఒకటి కావు. జీతం మాత్రమే ఉన్నవాళ్లు రిటర్ను వేసేటప్పుడు ఏటా మార్చుకోవచ్చు. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లకి ఆ వెసులుబాటు లేదు, కొత్తది వదిలి పాతదానికి వెళ్లి మళ్లీ కొత్తదానికి వస్తే దారి అక్కడితో దాదాపు మూసుకున్నట్టే.

పన్నెండు లక్షల గడప

ఇక్కడ కాసేపు ఆగాలి. నాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ దీని గురించే.

స్టాండర్డ్ డిడక్షన్ తీశాక 12 లక్షల దగ్గర ఉన్నవాళ్లకి పన్ను సున్నా. ఒక డీఏ వచ్చింది, ఆదాయం 12,10,000 అయింది. శ్లాబుల ప్రకారం లెక్కేస్తే పన్ను 61,500 రావాలి. పది వేలు పెరిగితే అరవై ఒక్క వేలు కట్టమంటే అన్యాయం కాబట్టి చట్టంలోనే ఒక రక్షణ పెట్టారు: 12 లక్షలకి మించి ఎంత వస్తే పన్ను అంతకు మించదు. కనుక పన్ను 10,000, సెస్సు 400. పెరిగింది పది వేలు, పోయింది పది వేల నాలుగు వందలు! సుమారు 12,70,000 దాటేదాకా పరిస్థితి ఇంతే. ఈ మధ్యలో పెరిగే ప్రతి రూపాయీ పన్నుకే పోతుంది.

"జీతం పెరిగినా చేతికి పెరగలేదేందబ్బా" అని ఎవరైనా అంటే వాళ్లు లెక్క తప్పి అనడం లేదు. నిజంగానే పెరగలేదు. ఆ కోపంలో న్యాయముంది. అయితే మీరు ఈ గడప దగ్గర ఉన్నారని ముందే తెలిస్తే చెయ్యగలిగింది కొంత ఉంది. బ్యాంకు డిపాజిట్ల వడ్డీ కూడా ఆదాయంలోనే కలుస్తుందని గుర్తుపెట్టుకోండి. జీతం సరిగ్గా గడప ఇవతలే ఆగినా ఎనిమిది వేల వడ్డీ మిమ్మల్ని అవతలికి నెట్టగలదు. భర్త డబ్బు భార్య పేరున డిపాజిట్ చేస్తే ఆ వడ్డీ మళ్లీ భర్త లెక్కలోకే వస్తుంది, ఆ దారి పనిచెయ్యదు. ప్రైవేటు కంపెనీలో ఉన్నవాళ్లు జీతంలో కొంత భాగం యజమాని వాటాగా పెన్షన్ పథకమైన ఎన్‌పీఎస్‌లో వెయ్యమని అడగొచ్చు. బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో 14 శాతం దాకా కొత్త విధానంలోనూ మినహాయింపు ఉంది. ప్రభుత్వంలో సీపీఎస్ వాళ్లకి ప్రభుత్వ వాటాని ఆదాయంలో చూపి మళ్లీ తీసేయాలి. చూపడం చూపి తీసేయడం మరిచిపోయిన లెక్కలు నా చేతుల మీదుగా కొన్ని సరిచేశాను. మీదీ ఒకసారి చూసుకోండి.

షేర్లు, మ్యూచువల్ ఫండ్లు అమ్మిన లాభం మీద ప్రత్యేక రేటు పన్నుకి 60 వేల రిబేటు వర్తించదు. అది విడిగా కట్టాల్సిందే.

"పెంచితే" అన్నదానికి అంకె పెట్టండి

ఇప్పుడు భయం వంతు. పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన "పెంచితే" అని రాయండి. మన స్కూల్ అసిస్టెంట్‌కి 12 నుంచి 16 లక్షల మధ్య రేటు 15 నుంచి 20కి పెంచారనే అనుకుందాం. 85,000 మీద 5 శాతం, 4,250. సెస్సుతో 4,420. నెలకు 368 రూపాయలు.

ఇంకో రకం పెంపు వేసి చూడండి. రేట్లు ముట్టుకోకుండా రిబేటు ఎత్తేశారనుకోండి. మన టీచరుకి మార్పే లేదు, ఆమె ఎప్పుడో గడప దాటింది. సరిగ్గా 12 లక్షల దగ్గరున్న మనిషికి మాత్రం సున్నా పన్ను 62,400 అవుతుంది, నెలకు 5,200. కాబట్టి బడ్జెట్ రోజు అందరూ శ్లాబులు చూస్తుంటే మీరు మీ జీతాన్ని బట్టి చూడాల్సింది చూడండి. 12 లక్షల లోపువాళ్లు రిబేటు, పైవాళ్లు శ్లాబులు, పాత విధానంలో ఉన్నవాళ్లు 80సీ పరిమితి.

మూడో రకం పెంపు ఎవరూ చదవరు, ఎవరూ ప్రకటించరు. పాత విధానంలో 60 ఏళ్ల లోపు వాళ్లకి పన్ను లేని పరిమితి 2.5 లక్షలు. 80సీ లక్షన్నర. సొంతింటి అప్పు వడ్డీ 2 లక్షలు. ఈ మూడూ 2014 బడ్జెట్లో పెట్టినవే, ఇప్పటికీ అవే. 2014లో నెల్లూరులో ఇంటి స్థలం ధర, పిల్లల ఇంటర్ ఫీజు ఎంతో, ఇవాళ ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. ధరలు పెరిగి, వాటి వెనక జీతం పెరిగి, పరిమితి అక్కడే నిలబడితే రేటు పెంచకుండానే పన్ను పెరిగినట్టు. కొత్త విధానంలో 2025లో పెద్ద ఊరటే ఇచ్చారు, కాదనను. ఆ 12 లక్షలు కూడా పదేళ్లు కదలకుండా ఉంటే ఇదే కథ అవుతుంది.

ఆ అంకె పక్కన మీ అప్పుల వడ్డీ రాయండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. దయచేసి దాటకండి.

నెలకు 368 అని రాసిన పేజీలోనే మీ ఇంట్లో నెలనెలా కడుతున్న వడ్డీలన్నీ రాయండి. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 2 లక్షలుంటే నెలకు 4,000. ఏడాదికి 48,000. బ్యాంకులో బంగారం మీద తెచ్చి ఆ అప్పు తీర్చేస్తే వడ్డీ సగానికి దగ్గరగా పడిపోతుంది. క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రం కడుతుంటే అది నూటికి మూడు, మూడున్నర రూపాయల వడ్డీ, మన వీధిలో ఎవరూ అంత అడగరు. చీటీ ముందే పాడుకుని ఆ డబ్బు ఖర్చయిపోయి ఉంటే అదీ రాయండి, ఎంత తక్కువకి పాడారో గుర్తు తెచ్చుకుని.

మా ఇంట్లో ఈ పేజీ మొదటిసారి రాసిన రోజు నేనూ మా ఆయనా చాలాసేపు మాట్లాడుకోలేదు. పన్ను మీద ఏడాదంతా గొడవపడ్డాం. దానికి నాలుగింతలు వడ్డీ కడుతున్నామని ఇద్దరం చూడలేదు.

జూన్లో వచ్చే ఫీజులకి ఇప్పట్నుంచే నెలకింత తీసిపెట్టండి. మున్సిపాలిటీ ఇంటి పన్ను ఏడాది మొత్తం ఏప్రిల్లోనే కట్టేవాళ్లకి కొన్నేళ్లుగా 5 శాతం రాయితీ ఇస్తున్నారు, ఆ ప్రకటన కోసం చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. రెన్యువల్ నోటీసులో ఆ గడి సున్నా ఉందో లేదో చూసి కట్టండి.

బంధువుల మీద కోపం వచ్చినప్పుడు

"పొలం ఉన్నోళ్లకి పన్ను లేదు, మనకే ముక్కు పిండి వసూలు." ఈ మాట అన్నదమ్ముల మధ్య మాటలు లేకుండా చేసింది నాకు తెలుసు. వ్యవసాయ ఆదాయానికి పన్ను వేసే అధికారం కేంద్రానికి లేదు, రాజ్యాంగం ఆ అధికారం రాష్ట్రాలకిచ్చింది. కౌలు డబ్బు కూడా వ్యవసాయ ఆదాయమే. అయితే మీకు జీతంతోపాటు కౌలు వస్తుంటే రేటు లెక్కకి దాన్ని కలిపి చూస్తారు, రిటర్నులో చూపించాలి. రొయ్యల చెరువు ఆదాయం మాత్రం వ్యవసాయం కింద రాదు, అది వ్యాపారమే, దానికి పన్నుంది.

మా ఆడబిడ్డ వాళ్లకి ఇందుకూరుపేట వైపు చెరువులున్నాయి. ఒక పెళ్లిలో ఆమె భర్త దగ్గర నేను నోరు జారాను. "నీకేమన్నయ్యా, నీ ఆదాయం ఎవరికి కనపడతాది" అని. ఆయన కోప్పడలేదు. "నీకు ఒకటో తారీకు జీతం పడతాదమ్మా. నాకు కౌంటొచ్చిన రోజు రేటుండదు, రేటున్న రోజు చెరువులో వైట్ స్పాటుంటది" అన్నాడు. కౌంటంటే రొయ్య సైజు, వైట్ స్పాటంటే రొయ్యల్ని చంపే తెగులు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆ ఇంట్లో భోజనాలు ఎట్లా జరిగాయో దగ్గరుండి చూశాను. అదే ఏడాది నల్ల బర్లీ పొగాకు కొనే దిక్కులేక చివరికి రాష్ట్ర సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ ద్వారా ప్రభుత్వమే కొనాల్సి వచ్చింది. మన పన్ను బరువు నిజం. వాళ్ల బతుకు తేలికని అనుకోవడం నిజం కాదు.

ఆ కోపం తీసుకెళ్లాల్సిన చోటు వేరే ఉంది. బడ్జెట్ ముందు ఆర్థిక శాఖ మైగవ్ వెబ్‌సైటులో సలహాలు అడుగుతుంది. మీ ఎంపీ కార్యాలయం ఉంది. మీ ఉద్యోగ సంఘం ఉంది. అరపేజీ చాలు, తెలుగులోనే రాయండి. "పన్నులు తగ్గించండి" అని రాస్తే ఎవరూ చదవరు. "2014 నుంచి 80సీ పరిమితి లక్షన్నర దగ్గరే ఉంది, 12 లక్షల గడప దాటిన డీఏ మొత్తం పన్నుకే పోతోంది, ఇదిగో నా లెక్క" అని అంకెలతో రాయండి.

కోపంలో ఉన్నవాళ్ల కోసం ఇంకో మనిషి కాచుకుని ఉంటాడు. "రిఫండు తెప్పిస్తాం, అందులో పది శాతం మాకివ్వండి" అంటాడు. లేని అద్దె, ఇవ్వని విరాళం చూపించి రిటర్ను వేస్తాడు. దొంగ మినహాయింపుల మీద 2025లో దేశమంతా సోదాలు జరిగాయి. తప్పుడు వివరాలిచ్చారని తేలితే ఎగ్గొట్టిన పన్నుకి రెండింతలు జరిమానా పడొచ్చు. నోటీసు వచ్చేది మీ పాన్ నంబరుకి. ఆ ఏజెంటు ఫోను అప్పటికి పనిచెయ్యదు.

ఫిబ్రవరి జీతం పోకుండా

ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో నాకు పన్ను సంగతి జనవరిదాకా గుర్తొచ్చేది కాదు. ఒక ఏడు డీఏ బకాయిలు కలిసి పన్ను పెరిగింది, ఏడాది పన్నంతా ఫిబ్రవరి బిల్లులో పట్టాల్సి వచ్చింది. అందరి బిల్లులూ రాసినదాన్ని, నాది నేను చూసుకోలేదు. ఆ నెల చేతికి మూడు వేలు కూడా రాలేదు. పాప పరీక్ష ఫీజుకి గాజులు కుదవ పెట్టాను. పన్ను రేటేమీ పెరగలేదు. ఒక్క నెలలో పడింది, అదీ దెబ్బ.

కాబట్టి ఇది చెయ్యండి. ఏప్రిల్ మొదటి వారంలో, ఆదివారం లెక్కలో తేలిన ఏడాది పన్నుని పన్నెండుతో భాగించండి. తెల్లకాగితం మీద, మీ జీతం బిల్లు పెట్టే అధికారి డీడీఓకి రాయండి: ఏ విధానం ఎంచుకున్నారు, ఏడాది ఆదాయం అంచనా ఎంత, నెలకు ఎంత పట్టాలి. రావాల్సిన డీఏ, ఇంక్రిమెంటు కూడా అంచనాలో కలపండి. ఆగస్టులో ఒకసారి, నవంబరులో ఒకసారి ఆ లెక్క సరిచూసి తేడా ఉంటే మళ్లీ రాసివ్వండి.

పాత ఏళ్ల బకాయిలు ఒకే ఏడాది వచ్చి పన్ను పెరిగితే 89 సెక్షన్ కింద ఉపశమనం ఉంది, రెండు విధానాల్లోనూ ఉంది. రిటర్ను వెయ్యకముందే 10ఇ ఫారం ఆన్‌లైన్లో నింపాలి. అది నింపకుండా రిటర్నులో ఉపశమనం అడిగితే తిప్పికొడతారు. జులై 31 గడువు చివరి రోజుల్లో పోర్టల్ ముందు కూర్చుంటే 10ఇ మరిచిపోయేది ఖాయం, జూన్ చివర్లోనే ఫారం 16 (జీతం, పట్టిన పన్ను చూపే కాగితం) చేతికి రాగానే పన్ను శాఖ దగ్గరున్న మీ ఆదాయ చిట్టా ఏఐఎస్‌తో పక్కపక్కన పెట్టి చూసుకుని వేసేయండి.

డీడీఓకి ఇచ్చిన కాగితం రెండో కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. దాన్ని నోటు పుస్తకంలో, నెలకు 368 అని రాసిన పేజీకి ఎదురుగా అంటించండి. ఆ పుస్తకం బీరువాలో పెట్టి తాళం వెయ్యొద్దు. బియ్యం డబ్బా పైనో, దేవుడి గూటి పక్కనో, ఇంట్లో ఇద్దరి చేతికీ అందేచోట ఉంచండి.